పంజారం మీద రాయి

మా వైపు ఊళ్ళ పేరు చెప్తే బయటివాళ్ళకు ముందు గుర్తొచ్చేది కుక్క. పాలలాంటి తెలుపు, గులాబిరంగు ముక్కు, సన్నటి నడుము, పొడుగు కాళ్ళు. 2005 జనవరి 9న తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల బిళ్ళలు వేసింది. అందులో ముధోల్, రాంపూర్, హిమాలయ గొర్రెల కుక్కలతో పాటు మా రాజపాళయం కుక్క కూడా ఉంది. ఆ బిళ్ళ ఒకటి మేమూ దాచుకున్నాం. చుట్టాలు వస్తే చూపిస్తుంటాం.

కానీ ఈసారి రాసేది కుక్క గురించి కాదు. ఆ కుక్క కాపలా కాసిందని చెప్పుకునే పక్షుల గురించి. మా తాతల నాడు పందెం కోడి, కౌజు, పూరేడు మన ఇళ్ళలో ఉండేవి. వాటిని పిల్లి నుంచీ, మానుపిల్లి నుంచీ, ముంగిస నుంచీ ఎలా కాపాడుకున్నారు, ఎవరు కాపాడారు అన్నది ఎక్కడా రాసి లేదు. మన పిల్లల చేతికి వచ్చేసరికి అది పూర్తిగా పోతుందని భయం వేసి, తెలిసినంత వరకూ ఇక్కడ రాసి పెడుతున్నాం.

ఊరూ, పక్షులూ

మంసాపురం రాజపాళయానికీ శ్రీవిల్లిపుత్తూరుకీ నడుమ ఉంది. పడమర చూస్తే కొండలు. కొండ కింద మామిడి తోపులు, కొబ్బరి తోపులు, వాటి కింద కణ్మాయిలు, అంటే చెరువులు. ఆ తరవాత పొలాలు. విజయనగరం రోజుల్లోనూ, ఆ తరవాత మదురై నాయకుల కాలంలోనూ తెలుగువాళ్ళు గుంపులు గుంపులుగా ఈ దక్షిణ నేలకు దిగారు. మధురలో విశ్వనాథ నాయకుడు 1529లో పాలన మొదలుపెట్టాడనీ, దేశాన్ని డెబ్బై రెండు పాళయాలుగా పంచాడనీ చరిత్రలో చదువుతాం. రాజపాళయం పేరులో ఆ పాళయమే ఉంది. మనకు ఇంకో చుట్టరికం కూడా ఉంది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాసింది పక్కనున్న విల్లిపుత్తూరు గోదాదేవి కథే. కాలవ గట్టున రెక్కల్లో తల దూర్చుకుని నిద్రపోయే బాతుల్ని చూసి, కావలివాళ్ళు తడిబట్టలనుకున్నారని అందులో ఒక వర్ణన ఉంది. తల దాచుకుని నిద్రపోయే పక్షికి చుట్టూ ఏం జరుగుతోందో తెలియదు. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ నిద్ర చుట్టూ తిరిగేదే.

ఇళ్ళలో ఉండేవి మూడు రకాలు. మొదటిది పందెం కోడి. మన తెలుగువాళ్ళకు కోడిపందెం పన్నెండో శతాబ్దపు పలనాటి కథ నాటికే ఉన్న పిచ్చి. కోళ్ళకు రంగును బట్టి కాకి, డేగ, నెమలి, కౌజు, పింగళి అని పేర్లు. కోడిని ఎత్తుకుపోయే డేగ పేరే కోడికి పెట్టుకున్నారు చూడండి.

రెండోది కౌజు. తమిళంలో కౌదారి. పొద్దున్నే చేల గట్ల మీద గొంతు చించుకుని కూసే బూడిదరంగు పిట్ట. 1789లో గ్మెలిన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనికి పెట్టిన లాటిన్ పేరులో పుదుచ్చేరి ఊరి పేరే ఉంది. అంటే మన దక్షిణాది పిట్టగానే అది ప్రపంచానికి తెలిసింది. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ 1862-64లో అచ్చు వేసిన భారత పక్షుల పుస్తకంలో పక్షులకు తెలుగు, తమిళ పేర్లు కూడా అడిగి రాసుకున్నాడు. కౌజును పిల్లగా ఉన్నప్పుడే తెచ్చి పెంచితే మనిషి వెంట కుక్కపిల్లలా నడుస్తుంది. పంజరం తలుపు తీసినా పోదు. మగ కౌజుకు పోట్లాట ఎక్కువ. దాని కూత విని అడవి కౌజులు పోట్లాటకు వస్తాయి. అట్లా మరో పిట్టను రప్పించడానికి పెంచే పిట్టను దీమం అంటారు.

మూడోది పూరేడు. తమిళంలో కాడై. అరచేతిలో పట్టే పిట్ట.

ఈ కౌజునూ పూరేడునూ దొరలు వేట పక్షులు అన్నారు. హ్యూమ్, మార్షల్ అనే ఇద్దరు 1879-81 మధ్య కలకత్తాలో భారతదేశపు వేట పక్షుల మీద మూడు సంపుటాలే వేశారు. వాళ్ళకు ఆ పిట్ట తుపాకీ ముందు ఒక్క క్షణం ఎగిరేది. మనవాళ్ళకు అదే పిట్ట పంజరంలో ఏళ్ళ తరబడి బతకాల్సింది. తుపాకీవాడు పిట్టను రాత్రిపూట కాపాడక్కర్లేదు. పెంచేవాడికి ఆ పని తప్పదు.

వచ్చేవాళ్ళు ఎవరెవరు

అన్నిటికన్నా దగ్గరి శత్రువు పిల్లి. పిల్లి మనిషి దగ్గరికి వచ్చింది ధాన్యం కోసం కాదు, ధాన్యం తినే ఎలుకల కోసం. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళ కిందటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చినట్టు బయటపడింది. మన వైపు కూడా అంతే. వడ్ల గాదె ఉంది, పత్తి గిడ్డంగి ఉంది, కాబట్టి పిల్లి కావాలి. ఎలుకను పట్టే అదే పంజా పూరేడునూ పడుతుంది. మనిషికి కావలసిన వెలుతురులో ఆరో వంతు ఉన్నా పిల్లికి చూపు ఆనుతుంది. కోడికి చీకటి పడితే కళ్ళు కనపడవు. పిల్లి గంప చుట్టూ తిరిగి, సందులోంచి చెయ్యి దూర్చి, దొరికిన కాలో మెడో పట్టి లాగుతుంది. లోపలికి రానక్కర్లేదు. దాని కోర పొరపాటున తగిలి వదిలేసినా, నోట్లో ఉండే పాశ్చురెల్లా అనే క్రిమి పక్షి నెత్తుట్లో చేరి రెండు మూడు రోజుల్లో చంపుతుంది. "చిన్న గాటే కదా, బతుకుతుంది" అనుకున్న పిట్టలు మూడోనాడు పోవడం మా వాళ్ళు చాలాసార్లు చూశారు. కారణం మాత్రం తరవాత తరం చదువుకున్నాకే తెలిసింది.

పిల్లి తరవాత మానుపిల్లి. తమిళంలో మరనాయి. ఇది నేల మీద నడిచి రాదు. కొబ్బరి చెట్టు మీంచి మామిడి కొమ్మకు, కొమ్మ మీంచి పెంకుల మీదికి, పెంకు జరిపి లోపలికి. కొండవైపు ఇళ్ళకు అడవిపిల్లి కూడా వస్తుంది. చెరకు తోటల్లోనూ కణ్మాయి గట్టు తుంగలోనూ ఉండే పొడుగు కాళ్ళ పిల్లి అది. ఇవన్నీ రాత్రి దొంగలు. ముంగిస మాత్రం పట్టపగలు వస్తుంది, నేల తవ్వుతుంది. పందికొక్కు కింద బొరియ చేసి దారి వేస్తే, ఆ దారిన జెర్రిపోతు వచ్చి గుడ్లూ పిల్లలూ మింగిపోతుంది. ఇంగ్లీషువాళ్ళ బ్యాండికూట్ అన్న మాట మన పందికొక్కులోంచే పుట్టింది. పైనుంచి గద్ద, డేగ ఉండనే ఉన్నాయి. చివరికి ఎర్రచీమలు. పొదిగిన గుడ్డు చిట్లుతుండగానే లోపలి పిల్లను అవి తినేస్తాయి.

ఇంకో సంగతి. మానుపిల్లి గూట్లో దూరితే ఒకటి తిని పోదు, ఉన్నవన్నీ చంపి పోతుంది. పాపిష్టిది అని తిట్టుకునేవాళ్ళు. పాపమేమీ లేదు. అడవిలో ఒక పిట్టను పడితే మిగతావి ఎగిరిపోతాయి, వేట అక్కడికి ఆగుతుంది. మూసిన గూట్లో ఎగిరే చోటు లేదు. కొట్టుకునే ప్రతి రెక్కా దాన్ని మళ్ళీ పిలుస్తుంది. కాబట్టి గూడు అంటూ కట్టాక అది పూర్తిగా మూసుకోవాలి. సగం మూసిన గూడు పక్షికి ఉరి.

అవ్వల పద్ధతి

కోళ్ళను మూసే వెదురు గంపను మా వైపు తమిళులు పంజారం అంటారు. పంజరం అన్న మన మాటకు చెవికి దగ్గరగా ఉండడంతో మా ఇళ్ళలోనూ ఆ మాటే స్థిరపడింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కోళ్ళను పిలిచి, లెక్కపెట్టి, పంజారం కింద మూసి, పైన రాయి పెట్టాలి. ఆ రాయి పెద్దగా ఉండాలి. పిల్లి గంపను తల పెట్టి నెడుతుంది, కుక్క అయితే పడదోస్తుంది. గంప చుట్టూ తడిపిన గోనెపట్టా కప్పాలి. ఎండ రోజుల్లో చల్లదనానికి అనుకుంటారు గానీ, అసలు పని వేరే. పట్టా ఉంటే సందులోంచి పంజా దూరదు, లోపల ఏముందో పిల్లి కంటికి కనపడదు. కనపడకపోతే గంప చుట్టూ రాత్రంతా తిరగదు. తిరగకపోతే లోపలి పక్షి భయంతో కొట్టుకోదు.

కౌజు పంజరాన్ని దూలానికి వేలాడదీసేవాళ్ళు. గోడకు దూరంగా, స్తంభానికి దూరంగా, అంటే పిల్లి దూకి పట్టుకున్నా ఊగిపోయేలా. గోడ మీది పిల్లి ఎటు దూకుతుందో ఎవరికీ తెలియదన్న సామెత ఉంది గదా, మా అవ్వలు ఆ దూకు ఎంత దూరమో లెక్కేసి పంజరం కట్టారు. పూరేళ్ళ పంజరానికి పైకప్పు గట్టి చెక్కతో వేయరు, గుడ్డ బిగించి కడతారు. పూరేడు బెదిరితే నిలువునా పైకి ఎగురుతుంది. చెక్క అయితే తల పగిలి చస్తుంది. అంటే పిల్లి లోపలికి రాకుండా, ఉత్తినే పక్కన కూర్చుని కూడా పూరేడును చంపగలదు. ఈ ఒక్క సంగతి తెలియక ఇప్పటికీ బోలెడు పిట్టలు పోతున్నాయి.

పొదిగే కోడిని పెట్టిన బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు. చీమలు దాటవు. కొట్టం చుట్టూ తుమ్మకంప. కొమ్మలు పెంకుల మీదికి రాకుండా మామిడిని ఏటా నరికేవాళ్ళు. కొట్టం నేలకు రాళ్ళు పరిచి పేడ అలికేవాళ్ళు, ముంగిసకు తవ్వే చోటు దొరకకుండా. ఇందులో ఖర్చు పెట్టి కొనే వస్తువు ఒక్కటి లేదు. కావలసింది ఒక్కటే, రోజూ మర్చిపోకుండా చేసే మనిషి.

ఆ మనిషి ఎవరు? పందేనికి పోయే కోడికి పేరు ఉండేది, దాని యజమానికి పేరు ఉండేది. సాయంత్రం లెక్క పెట్టి గంప మూసింది మా ఇంటి ఆడవాళ్ళూ పిల్లలూ. లెక్క తప్పితే లాంతరు పట్టుకుని గడ్డివాము దాకా వెతికిందీ వాళ్ళే. మేము ఎన్ని పాత కాగితాలు తిరగేసినా దీని గురించి ఒక్క వాక్యం దొరకలేదు.

కుక్క చేసిన పని, చేయనిది

రాజపాళయం కుక్క కాపలాకు మంచిదే, అబద్ధం కాదు. అడవిపంది వేటకు పెంచిన జాతి అది. కొత్త మనిషిని దగ్గరికి రానీయదు. నక్క అయినా వీధికుక్క అయినా దాని వాసనకే తోట వైపు తిరిగి పోతుంది. కానీ పిల్లి విషయంలో దాన్ని నమ్ముకోలేం. పిల్లి చెట్టెక్కుతుంది, కుక్క ఎక్కలేదు. మానుపిల్లి పెంకుల మీద నడుస్తుంటే కుక్క కింద నిలబడి మొరుగుతుంది, ఆ గోలకే పూరేళ్ళు తలలు పగలకొట్టుకుంటాయి. పైగా ఈ తెల్లకుక్కల్లో పుట్టు చెవుడు ఎక్కువ. ఒంట్లో రంగు తగ్గడంతో పాటు వచ్చే లోపం అది. చెవిటి కుక్క రాత్రి కాపలాకు ఎంత పనికొస్తుందో మీరే చెప్పండి. అన్నిటికీ మించి, అది స్వతహాగా వేటకుక్క. పిల్లగా ఉన్నప్పటి నుంచీ కోళ్ళ మధ్య తిప్పి పెంచకపోతే మొదటి శత్రువు అదే అవుతుంది.

అందుకే మా పెద్దవాళ్ళు కుక్కను కొట్టం గుమ్మంలో కట్టలేదు, తోట అంచున కట్టారు. అది దూరం నుంచి హెచ్చరించేది, గంప మూసేది మనిషే. తపాలా బిళ్ళ కుక్కకు దక్కింది, దక్కనీండి. పని పంచుకున్న తీరు మాత్రం ఇది.

ఇనుప జాలి వచ్చాక

షట్కోణాల కోడి జాలిని ఇంగ్లండులోని నారిచ్ పట్నంలో చార్లెస్ బార్నార్డ్ అనే ఇనుప వ్యాపారి 1844లో తయారుచేశాడు, బట్ట నేసే మగ్గాన్ని చూసి. మా ఊళ్ళదాకా ఆ జాలి వచ్చాక వెదురు పంజారాలు ఒక్కొక్కటే మూలన పడ్డాయి. జాలి కట్టాం గదా, ఇంకేం భయం అన్న ధీమా వచ్చింది. సాయంత్రం లెక్క ఆగిపోయింది.

ఆ జాలి కోడి బయటికి పోకుండా ఆపుతుంది గానీ, వచ్చేదాన్ని ఆపడానికి పుట్టింది కాదు. అంగుళం కంత ఉంటే పిల్లి పంజా దూరుతుంది, చిన్న ఎలుక నేరుగా లోపలికి పోతుంది. సన్నటి తీగను కుక్క పళ్ళతో చింపేస్తుంది. పూరేడు పిల్ల పుట్టినప్పుడు ఏడెనిమిది గ్రాములే ఉంటుంది, దానికి ఎలుకే పులి. ఇప్పుడు మేము కట్టేది అర అంగుళం కంతల వెల్డ్‌మెష్. గోడ కింద దాన్ని అడుగు లోతు పాతి, అక్కణ్ణించి బయటి వైపుకు మరో అడుగు వంచి పరుస్తాం. ముంగిస గోడ పక్కనే తవ్వడం మొదలుపెడుతుంది, జాలి తగిలితే వెనక్కి జరిగి తవ్వాలన్న తెలివి దానికి రాదు. గడియ కూడా ఉత్తి కొక్కెం పెట్టం, నొక్కి తిప్పేదే పెడతాం. పైన మెత్తటి వల, దాని మీద ఇనుప జాలి. కింది భాగానికి మూరెడు ఎత్తున రేకు కొట్టాం, గోనెపట్టా చేసిన పని ఇప్పుడు ఆ రేకు చేస్తుంది. వస్తువులు మారాయి, లెక్క పాతదే.

చట్టం తిప్పిన మలుపు

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కౌజు, పూరేడు లాంటివాటిని లైసెన్సు ఉంటే వేటాడనిచ్చేవాళ్ళు. 1991 సవరణతో అదీ ఆగిపోయింది. ఇప్పుడు అడవి కౌజును పట్టినా, పంజరంలో పెట్టినా నేరం. మా ఇళ్ళల్లో దూలానికి ఇనుప కొక్కెం మిగిలింది, పంజరం లేదు. కోడిపందెం సంగతీ అంతే. జంతువుల్ని పోట్లాటకు పెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం తప్పు. జాతి కోడిని పెంచుకోవచ్చు, పందెం పెట్టకూడదు. పూరేడు బదులు జపాన్ పూరేడు వచ్చింది. 1974లో ఇజ్జత్‌నగర్ పరిశోధన కేంద్రానికి దిగుమతి అయి, నామక్కల్ మీదుగా మా వైపు కూడా చేరింది. పదిహేడు పద్దెనిమిది రోజుల్లో పొదుగుతుంది, ఆరేడు వారాలకే గుడ్డు పెడుతుంది. పేరుకు కాడై గానీ, పంజరం తప్ప వేరే లోకం తెలియని పిట్ట. పిల్లిని చూస్తే ఎటు పోవాలో కూడా దానికి తెలియదు.

ఇదే చట్టం ఇంకో పని చేసింది. మానుపిల్లి, అడవిపిల్లి, ముంగిస, జెర్రిపోతు అన్నిటికీ రక్షణ ఇచ్చింది. అంటే గూట్లో పది పిట్టలు పోయినా ఉచ్చు పెట్టడానికి లేదు, విషం పెట్టడానికి అసలే లేదు. 1988లో శ్రీవిల్లిపుత్తూరు కొండలు బూడిదరంగు పెద్ద ఉడతల అభయారణ్యం అయ్యాయి. 2021లో మేగమలైతో కలిపి పులుల అభయారణ్యం అయ్యాయి. మా తోపుల అవతలే ఆ గట్టు.

దీని మీద మా ఇంట్లో ఇప్పటికీ వాదన నడుస్తుంది. మా పెదనాన్నల తరం కొందరు, "మన కోడికి లేని చట్టం దానికెందుకు" అంటారు. నష్టపోయినవాడి మాట అది, తేలిగ్గా తీసిపారేయలేం. ఒక్క రాత్రిలో ఏడాది పెంపకం పోయిన ఇల్లు ఎలా ఉంటుందో మాకు తెలుసు. అయినా విషం పెట్టిన మాంసం ముక్క ఫలానా మానుపిల్లి కోసమే అని ఆగదు. అది కుక్క తింటుంది, కాకి తింటుంది, చచ్చిన ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా పోతుంది. గుడ్లగూబ పోతే ఎలుకలు పెరుగుతాయి, అప్పుడు మళ్ళీ పిల్లులే గతి. ఉచ్చుతో ఒక మానుపిల్లిని పట్టినా, ఆ కొమ్మ అలాగే ఉంటే ఇంకోటి వస్తుంది. కొమ్మ నరికితే ఏదీ రాదు.

అసలు చిక్కు ఇప్పుడు తిరగబడింది. పంజరంలో కౌజు లేదు, చేల గట్టు మీద ఉంది. అది నేల మీదే గుడ్లు పెడుతుంది. దాని మీదికి పోయే జీవుల్లో మన గాదె కోసం పెంచి, అన్నం పెట్టి, సంఖ్య చూడకుండా వదిలేసిన పిల్లి కూడా ఒకటి. ఒకప్పుడు పిల్లి నుంచి మన కౌజును కాపాడుకోవడం మా లెక్క. ఇప్పుడు మన పిల్లి నుంచి ఎవరిదీ కాని కౌజును కాపాడాలి. మేము చేస్తున్నది మూడే పనులు. ఇంట్లో పిల్లులకు పిల్లలు పుట్టకుండా పశువుల డాక్టరుతో ఆపరేషన్ చేయిస్తున్నాం. దీపాల వేళకే వాటికి తిండి పెట్టి లోపల మూస్తున్నాం. మిగిలిన అన్నం, చేప ముళ్ళు గట్టు మీద పారెయ్యడం మానేశాం, ఎందుకంటే అదే ఊరి పిల్లుల్ని తోపు అంచుకు పిలిచేది.

"మూసుకోవడం మన పని, రావడం దాని పని" అని మా అవ్వలు అనేవాళ్ళు. పిల్లిని తిట్టినా దాని మీద పగ పెట్టుకోలేదు. చట్టం 1972లో చెప్పిన మాటకు దగ్గరగానే వాళ్ళు నడిచారు, చట్టం తెలియకపోయినా. మన వంశంలో యుద్ధాల కథలు, పాళయాల కథలు చెప్పేవాళ్ళకు కొదవ లేదు. రోజూ సాయంత్రం గంప మూసినవాళ్ళ పద్ధతులు చెప్పేవాళ్ళు తగ్గిపోతున్నారు. మీ ఇళ్ళలో అవ్వ గానీ అమ్మమ్మ గానీ ఉంటే, కోళ్ళను ఏ మాట పెట్టి పిలిచేవాళ్ళు, పంజరం ఎక్కడ కట్టేవాళ్ళు, ఏ జంతువును ఏ పేరుతో పిలిచేవాళ్ళు అడిగి రాసి పెట్టుకోండి. మాకూ పంపించండి, ఇందులో చేరుస్తాం.